ఇంకో నెల ఆగండి

జక్రయ్య మాస్టారి ఫోన్ నెలకోసారి మోగితే గొప్ప. చిలకలూరిపేట కాలేజీలో ముప్పయ్యేళ్లు ఎకనమిక్స్ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్లు. చర్చిలో పలకరింపులు గుమ్మం దాటేవరకే. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి నిల్వలెంతో లెక్క వచ్చిన రోజు మాత్రం ప్రత్తిపాడు నుంచి పాత శిష్యుడి తల్లి, మిర్చి రైతు సుబ్బరావమ్మ తప్పకుండా ఫోన్ చేసేది. ఆమె పండించిన మిరపకాయ అరవై బస్తాలు అక్కడే ఉంది మరి.

ఆమెకి విడమరిచి చెప్పడమంటే మాస్టారికి మహా సరదా. ద్రవ్యోల్బణం తగ్గిందని టీవీలో విని ఓసారి హడలిపోయింది. "ధరలు పడిపోయాయని కాదమ్మా, పెరిగే జోరు తగ్గిందని," అంటూ అరగంట చెప్పారు. ఆ అరగంటలోనే ఆమె గేదె ఈనిన సంగతీ, కోడలి అలకా కూడా దొర్లాయి. ఆ కబుర్లు నెమరేసుకుంటూ ఆయన నెల్లాళ్లు గడిపేశారు.

పోయిన నెల లెక్కలో నిల్వలు నిరుటికంటే బాగా పెరిగాయి. ఎగుమతులు తగ్గాయి. అమ్మేయమని చెప్పడానికి ఎకనమిక్స్ చదవక్కర్లేదు. కానీ కాయ అమ్మేశాక ఈ మనిషి తనకెందుకు ఫోన్ చేస్తుంది? పండగల ముందు గిరాకీ వస్తుందని ఏదో అల్లి, "ఇంకో నెల ఆగండమ్మా," అన్నారు. ఆ పూట సిగ్గుతో అన్నం సయించలేదు. అయినా మళ్లీ ఫోన్ చేసి దిద్దుకున్నారా అంటే అదీ లేదు, అంతటి పెద్దమనిషి.

ఈ నెల లెక్క మరీ అధ్వానంగా వచ్చింది. ధర క్వింటాలుకి వెయ్యి రూపాయలు పడింది. పొద్దున పదింటికల్లా ఫోన్ మోగింది.

"ఏం చెయ్యమంటారు మాస్టారూ? ఇంకా ఆగమంటారా?"

"రేపే అమ్మేయండమ్మా. అసలు పోయిన నెలే అమ్మమనాల్సింది. నాకు తెలుసు. అమ్మేస్తే మీరిక ఫోన్ చెయ్యరని ఆగమన్నాను."

"మాట్లాడాలని ఉందని ఒక్క మాట అనుంటే, ఊరికే చేసేదాన్ని కదండీ," అంది సుబ్బరావమ్మ. ఫోన్ పెట్టేసింది.

తర్వాతి నెల లెక్క కూడా వచ్చింది. నిల్వలు ఎందుకు తగ్గాయో మాస్టారికి ఇట్టే అర్థమైంది. ఫోన్ చేసి అడిగేవాళ్లు లేరు.