గాలి ముదిరేలోపు

ఆర్కో మూతికి చిక్కం తగిలించి, మెడ వెనక పట్టీ బిగించింది ట్రౌడి. కేబుల్ కారు ఎక్కే కుక్కలకు చిక్కం ఉండాల్సిందే. ముసలి కుక్క, పళ్లు సగం రాలిపోయాయి. అయినా తల వంచి ఓపిగ్గా నిలబడింది.

"వీడెవర్ని కరుస్తాడు? తీసెయ్ దాన్ని," అన్నాడు కేబుల్ కారు పెట్టె తలుపు పట్టుకున్న లెంజ్. కొండ కింది ఆ స్టేషనులో పనిచేస్తూనే అతనికి జుట్టు నెరిసింది. "గాలి లేస్తోంది చూశావా? ముదిరిందంటే లైను ఆపేస్తాం. నేను ఫోను చెయ్యగానే దిగిపో. లేదంటే రాత్రికి పైన గుడిసెలోనే పడక."

"సరే," అంది ట్రౌడి.

మోకాళ్లు అరిగి హోటల్లో గదులు ఊడ్చే పని మానేశాక ఆమె ఊళ్లోవాళ్ల కుక్కలను తిప్పుతూ బతుకుతోంది. తనకంటూ కుక్క లేదు. అద్దె ఇంటివాళ్లు ఒప్పుకోరు. పెళ్లీ కాలేదు. మంచాన పడ్డ తల్లికి అన్నీ తనే చేసింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరు ఆఖరి ఘడియల్లో ఉన్నా, పక్కన కూర్చోవడానికి ఆమెకే కబురు వచ్చేది. ట్రౌడిది గట్టి గుండె అనేవారు. ఆమె కాదనలేదు.

పొద్దున ఆర్కో యజమానురాలు హేమర్లేగారు వంటింటి గుమ్మంలో నిలబడి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"సాయంత్రం పశువుల డాక్టరు వస్తున్నాడు. రాత్రంతా మూలుగుతున్నాడమ్మా వీడు. ఇక సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యడమే మంచిదన్నాడు. ఒక్కసారి కొండమీదికి తీసుకెళ్లు. నావల్ల కాదు."

ట్రౌడి తల ఊపింది. తన కుక్క కానప్పుడు ఊపక ఏం చేస్తుంది?

కొండ మీద పల్లాల్లో ఇంకా మంచు మిగిలి ఉంది. ఆర్కో అందులో వీపు ఆనించి దొర్లబోయి, సగంలో ఆగిపోయి, అలాగే పడుకుని ఆమెను చూసింది. ట్రౌడి పక్కన కూర్చుని, చిక్కం విప్పి, రొట్టె తను తిని సాసేజి మొత్తం దానికి పెట్టింది. దక్షిణం నుంచి వెచ్చటి గాలి విసురుగా కొడుతోంది. తీగ మీద ఖాళీ పెట్టెలు ఊగుతున్నాయి.

ఫోను మోగింది. ఆమె ఎత్తలేదు.

లైను ఆగిపోతే డాక్టరు వచ్చి ఉత్తచేతులతో వెళ్లిపోతాడు. ఈ రాత్రి ఇద్దరూ గుడిసెలో పడుకుంటారు. ఒక్క రాత్రి. తప్పు గాలి మీదకు పోతుంది. ఫోను మళ్లీ మోగితే సంచి అడుగుకు తోసేసింది.

ఆర్కో లేచింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ స్టేషను వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది.

"ఉండరా. కాసేపు ఉందాం."

అది ఉండలేదు. మళ్లీ నడిచింది. దానికి ఇంటికి వెళ్లాలని ఉంది.

కింద లెంజ్ తిట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఫోనెందుకు ఎత్తవు? ఇదే ఆఖరి పెట్టె, తెలుసా?" ఆమె మొహం చూశాడు. వంగి కుక్కను రెండు చేతులా ఎత్తి దించాడు.

సాయంత్రం హేమర్లేగారు మేడ మీదికి వెళ్లి తలుపేసుకుంది. ట్రౌడి నేల మీద కూర్చుని ఆర్కో తల ఒళ్లో పెట్టుకుంది.

"ఇంటికొచ్చేశాంగా. ఇక పడుకో నాన్నా," అంది.

డాక్టరు సూది తీసి పెట్టెలో సర్దేసుకున్నా ఆమె చెయ్యి దాని చెవి వెనక గోకుతూనే ఉంది.

అతను దాన్ని దుప్పటిలో చుట్టి కారులోకి మోసుకెళ్లాక, ట్రౌడి అలవాటుగా మూలనున్న ఆర్కో పరుపు దులపబోయి ఎత్తింది. దాని కింద, ఆమె చలికాలంలో పోగొట్టుకుని దారంతా వెతికిన ఎడమచేతి ఉన్ని తొడుగు ఉంది; బొటనవేలు నమిలి నమిలి చిల్లు పడింది, మిగతాదానికంతా నెరిసిన బొచ్చు అంటుకుని ఉంది.