సీటు గొట్టం మీద తెల్లపట్టీ

సైకిల్ దిగి నూరు గజాలు పరుగెత్తిందో లేదో, కోచ్ విజిల్ ఊదేశాడు.

"ఆపమ్మా డాక్టరమ్మా, ఆపు! అదేం పరుగు? సీటు ఇంకా కిందే ఉన్నట్టు వంగిపోయావ్. సైకిలూ పరుగూ కలిపిన పోటీకి జట్టులో మిగిలింది ఒక్క చోటు. రేపు పొద్దున ఆఖరి ట్రయల్. రేపూ ఇంతే అయితే, హాయిగా పళ్లు పీక్కుంటూ కూర్చో!"

పళ్ల డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. నెల రోజులుగా ఇదే వరస. ఉత్తగా పరుగెత్తితే బాణమే. సైకిల్ తొక్కి దిగితే మాత్రం తొడలు బిగుసుకుపోతాయి, నడుం లేవదు, అడుగు సాగదు. బూట్లు మార్చింది. మోకాళ్లకు ఎక్స్‌రే తీయించింది. సీటును మాత్రం అనుమానించలేదు. ఎత్తు గుర్తు కోసం సీటు గొట్టానికి చుట్టిన తెల్లపట్టీ దగ్గరే ఉంది మరి.

ఇంటికొచ్చి, వెనకగదిలో సైకిల్‌ను స్టాండుకు బిగించి, భర్త ముందు తొక్కి చూపించింది. ఆయన దర్జీ. మెడలో టేపు తీసి పెడల్ నుంచి సీటుదాకా పట్టాడు.

"నీ కాలికి ఇది అంగుళంన్నర తక్కువ."

"పట్టీ దగ్గరే ఉందిగా!"

"పట్టీయే పైకి జరిగింది, గొట్టం అంతమేర లోపలికి దిగింది." సీటు పైకి లాగి, పట్టీకి అంగుళంన్నర కింద గొట్టం మీద పాత జిగురు మరక చూపించాడు. "ఎవరో సీటు దించి తొక్కుతున్నారు. నీ పట్టీ ఊడితే అందాజుగా వేరేది చుట్టారు. తొక్కాక, పాపం, దానిదాకా బుద్ధిగా ఎత్తి పెడుతున్నారు. ఇదిగో, వాసన చూడు."

కర్పూరం ఘాటు. నొప్పులకు అంటించుకునే పట్టీ.

అప్పుడే మేడమెట్ల మీద చకచకా అడుగులు. మొన్నమొన్నటిదాకా మెట్టుకో మూలుగు మూలిగే అత్తగారు, బట్టల బుట్టతో ఒక్క ఊపున పైకి వెళ్లిపోయారు.

మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకున్నారు.

"నువ్వడుగు."

"మీ అమ్మ. మీరే అడగండి."

అడగడం వాయిదా పడింది. సీటు మాత్రం అంగుళంన్నర లేచింది.

మర్నాడు పొద్దున, భర్తా అత్తగారూ గట్టు మీంచి చూస్తుండగా, డాక్టరు సైకిల్ దిగింది. నడుం నిటారుగా లేచింది. అడుగు బారున సాగింది. కోచ్ చేతిలో గడియారం రెండుసార్లు చూసుకున్నాడు. ఏం మారిందని అడిగి, సీటు సంగతి విన్నాడు.

"చోటు నీదే! కానీ ఆ సీటు దించిందెవరో చెప్పు. చెబితేగానీ సంతకం పెట్టను. మళ్లీ దించితే మునిగేది నా జట్టు!"

దర్జీ ఉన్నట్టుండి చెప్పు పట్టీ సర్దుకోవడంలో మునిగిపోయాడు. కోడలి సైకిల్ తొక్కుడు సంసారులు చేసే పని కాదని ఏడాదిగా సాధిస్తున్న అత్తగారు, గట్టు మీంచి దిగ్గున లేచారు.

"చెప్పవే, ఎవరా దొంగ? కాళ్లు విరగ్గొడతాను!"

"వద్దత్తయ్యా, ఇప్పుడిప్పుడే బాగుపడుతున్నాయి ఆ కాళ్లు."

డాక్టరు కోచ్ వైపు తిరిగింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"మా అత్తగారండీ!"