ఆఖరి గదికి గాలి

"మూడు గంటలు, మహా అయితే నాలుగు" అంది స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లో, గాలి గొట్టాలు శుభ్రం చేసే కంపెనీ అమ్మాయి. ఇల్లు ఎంత పెద్దది, చలికాలం గదుల్లోకి వేడిగాలి వచ్చే జాలీలు ఎన్ని, కుక్కలున్నాయా పిల్లులున్నాయా, ఆ గాలిని తెచ్చే గొట్టాలు ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారు, అన్నీ అడిగింది. చివర్లో, "జాలీలకి అడ్డంగా సామాను లేకుండా చూసుకోండి, లేకపోతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది" అని కలిపింది. మా ఆయన డ్వేన్ ఆ చివరి మాట వినిపించుకోలేదు. జింకల వేట మొదలయ్యే వారం అది. నారింజరంగు జాకెట్టు కుర్చీకి తగిలించి, బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. "మూడు గంటలే కదా. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు" అన్నాడు.

ఇంట్లో ఉంటావంటే ఖాళీగా ఉంటావని. మా విస్కాన్సిన్‌లో ఆ వారం మగాళ్ళంతా అడవిలో మంచెలెక్కి కూర్చుంటారు. ఇళ్ళల్లో ఏడాదంతా వాయిదా వేసిన పనులు ఆ వారమే ఆడవాళ్ళ నెత్తిన పడతాయి. డ్వేన్ వెళ్ళిన రోజే మొదలుపెట్టాను. సోఫా జరిపాను. పింగాణీ బీరువాలో గిన్నెలన్నీ దింపి, దాన్ని లాగి, మళ్ళీ సర్దాను. మా అత్తగారు ఆర్లీన్ మంచం జరుపుతుంటే ఆవిడ దాని మీదే కూర్చుని సలహా ఇచ్చింది. ఆవిడకి దగ్గు. ఆ దగ్గు ఇంటి గాలి వల్లేనని ఆవిడే తేల్చింది. సోఫా వెనక రొట్టెముక్కలూ, బఠానీ గింజలూ, ఒక బొత్తామూ బయటపడితే చేతికర్రతో చూపించి, "ఇన్నాళ్ళూ ఇందులోనా మనం బతుకుతున్నది?" అంది. శుభ్రం చేసేవాళ్ళు వచ్చి చూస్తారేమోనని ముందే ఇల్లంతా శుభ్రం చేశాను. మా వీధిలో ఏ ఆడదాన్నడిగినా అదే చేస్తానంటుంది. ఇల్లు మురికైతే మగాడి పేరు ఎవరూ ఎత్తరు. ఈ పని ఆ మూడు గంటల్లో కలవదు.

ఆఖరికి వెనక గది. అది నేను బట్టలు కుట్టే గది. పెళ్ళిగౌన్లు బిగించడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, చర్చి గాయకులకి అంగీలు కుట్టడం, అన్నీ అక్కడే. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. సూది పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారిపోతాయి. "పాత ఇల్లు. అది ఆఖరి గది. వేడిగాలి అంతదూరం రాదు" అనేవాడు డ్వేన్. "ఈ వయసులో ఆడవాళ్ళకి రక్తం పల్చబడుతుంది" అనేది ఆర్లీన్. ఒక క్రిస్మస్‌కి డ్వేన్ నాకు వేళ్ళ చివర్లు తెరిచి ఉండే ఉన్ని గ్లౌజులు కొనిచ్చాడు. ఎంత ఆలోచించి తెచ్చాడో అని కళ్ళు చెమర్చాయి. మొన్న బ్రిన్ అనే పిల్ల పెళ్ళిగౌను సరిచూసుకోవడానికి వచ్చింది. భుజాల మీద గుడ్డ లేని గౌను. చేతుల నిండా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వాళ్ళమ్మ తన కోటు తీసి కప్పుతుంటే నేను నోట్లో గుండుసూదులతోనే, "పాత ఇల్లండీ, ఏమనుకోకండి" అన్నాను. ఆ మాట ఎంతమందికి చెప్పానో. ఇల్లు నా ఒంట్లో ఒక అవిటితనమైనట్టు, వచ్చినవాళ్ళందరికీ క్షమాపణ చెప్పుకున్నాను.

గొట్టాలు శుభ్రం చేసే కర్ట్ పొద్దున్నే వచ్చాడు. లావుపాటి మనిషి, గుమ్మంలోనే బూట్లకి గుడ్డ తొడుగులు వేసుకున్నాడు. దుమ్ము పీల్చే యంత్రం తాలూకు ఏనుగు తొండమంత గొట్టాన్ని నేలమాళిగలోకి దింపాడు.

"ఎంతసేపు బాబూ? నా టీవీ నాటకం ఉంది" అంది ఆర్లీన్.

"మూడు గంటలమ్మా. మురికిని బట్టి."

"అయితే సాయంత్రం దాకా ఉంటావులే" అంది ఆవిడ నాకేసి చూస్తూ.

కర్ట్ నవ్వలేదు. ఆ నవ్వకపోవడం నాకు నచ్చింది, సిగ్గూ వేసింది. ఒక్కో గదిలో జాలీ ఊడదీసి, మిగతావి మూసి, గాలితో కొట్టి దుమ్మంతా కిందికి లాగిస్తున్నాడు. యంత్రం హోరుకి ఇల్లు అదిరిపోతోంది. నేను కుట్టుపని మధ్యలో లేచొచ్చి వంటింట్లో నిలబడి, ఆ గొట్టాల్లోంచి ఏం బయటపడుతుందో, ఎలకో ఏదో, అది నా ఇల్లాలితనం కింద ఎలా లెక్కకొస్తుందో అని ఆలోచిస్తున్నాను. ఇంతలో యంత్రం ఆగింది.

"అమ్మా, ఒకసారి కిందికొస్తారా?"

కుట్టుగదిలోంచి వచ్చినదాన్ని వచ్చినట్టే మెట్లు దిగాను. కర్ట్ టార్చి పైకి పట్టుకుని ఉన్నాడు.

"ఇది వెనక గదికి పోయే గొట్టమేనా?"

"అవును."

"గాలి కొడితే అటువైపు రావట్లేదు. చూస్తే లోపల గాలిని ఆపే రేకు మూసి ఉంది. తుప్పు పట్టి కాదు. ఎవరో బయట ఉన్న దాని పిడి తిప్పి, కదలకుండా టేపు వేశారు."

వెండిరంగు టేపు. దాని చివర లోపలికి మడిచి ఉంది. మళ్ళీ తీయాల్సి వస్తే గోళ్ళతో గీరనక్కర్లేకుండా టేపు చివర మడవడం డ్వేన్‌కి అలవాటు. క్రిస్మస్ పొట్లాలకైనా అంతే, తోటలో నీళ్ళ గొట్టానికైనా అంతే. ఒకసారి నా వేలు తెగితే కట్టుకట్టి, దాని చివర కూడా అలాగే మడిచాడు.

"దీన్ని మూస్తే ఈ గాలంతా పక్క గొట్టంలోకి పోతుంది. అది ఏ గదికి?" అన్నాడు కర్ట్.

"మా ఆయన టీవీలో ఆట చూసే గదికి." నోట్లోంచి వచ్చేసింది.

కర్ట్ ఏదో అనబోయి నా చేతుల వైపు చూశాడు. చేతులకి ఆ ఉన్ని గ్లౌజులే ఉన్నాయి. వెంటనే చూపు తిప్పేసి టార్చి గోడ మీదికి కొట్టాడు. నా మొహం కాలిపోయింది. మోసం చేసినవాడు అడవిలో మంచె మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. సిగ్గు మాత్రం నా మెడ దాకా పాకింది. ఏళ్ళ తరబడి తన ఇంట్లోనే చలికి వణుకుతూ, ఎందుకని ఒక్కసారైనా ఈ మెట్లు దిగి తల పైకెత్తి చూడని ఆడదాన్ని ఎవరేమనుకుంటారు? నా కాపురం లోపలి రేకు ఒక పరాయివాడి టార్చి వెలుగులో కనిపిస్తోంది. దాన్ని కప్పెయ్యాలి, అంతే.

"నేనే మూయమన్నాను. నాకు ఆ గదిలో ఉక్క" అన్నాను.

ఉన్ని గ్లౌజులు వేసుకుని ఆ మాటన్నాను.

"సరేనమ్మా" అన్నాడు కర్ట్ నెమ్మదిగా. "శుభ్రం చేశాక తెరిచి ఉంచమంటారా, మళ్ళీ మూసెయ్యమంటారా? పిడి కాస్త తిప్పడమే."

తెరవమంటే అబద్ధం చెప్పినట్టు తేలుతుంది.

"మూసెయ్యండి."

మూసేశాడు. కొత్త టేపు వేశాడు. పని ముగించుకుని పోయేటప్పుడు నా మొహంలోకి చూడలేదు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ కోసింది.

సోఫా, బీరువా, మంచం మళ్ళీ ఎక్కడివక్కడికి నెట్టాను. ఆర్లీన్ సూప్ ముందు కూర్చుని, "డ్వేన్ మూసినది చూశాడా అతను?" అంది.

గరిట గిన్నెలో వదిలేశాను. "మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలీకేం. వాడి గది చల్లగా ఉందని మూశాడు. నువ్వు ఆ గదిలో కూర్చుని చేసేదేముంది, నాలుగు కుట్లేగా." సూప్ ఊదుకుని మళ్ళీ అంది, "నువ్వూ ఎప్పుడూ అడగలేదు మరి."

నిజమే, అడగలేదు. పాత ఇల్లంటే నమ్మాను, పల్చటి రక్తమంటే నమ్మాను. అందరినీ నమ్మి, నా వేళ్ళు చెప్పినదాన్ని ఒక్కదాన్నే నమ్మలేదు. ఆవిడ సూప్ తాగుతుండగానే కిందికి వెళ్ళాను. టేపు పీకాను. పిడి తిప్పాను. డ్వేన్ గొట్టం జోలికి పోలేదు. నా వాటా నాకు వస్తే చాలు. ఇన్నేళ్ళ చలికి మందు ఇంతేనా అనిపించింది. ఏడుపొచ్చింది కూడా, కానీ పైన ఆవిడ వింటుందని మింగేశాను.

సాయంత్రం డ్వేన్ వచ్చాడు. ట్రక్కు వెనక జింక. మాంసం చుట్టే కాగితం వంటింటి బల్ల మీద పడేశాడు, ఆ పని ఎప్పుడూ నాదే కాబట్టి. "ఎంతసేపు పట్టింది?" అంటూనే తన గదిలోకి పోయి కుర్చీలో వాలాడు. కాసేపటికి కేకేశాడు.

"మార్లిస్! ఈ గది ఎప్పట్లా లేదేంటి? సగం పని చేసి పోయినట్టున్నాడు ఆ మనిషి. రేపు ఫోన్ చేసి దులిపేస్తాను."

గుమ్మంలో నిలబడ్డాను. "అతన్నేం అనకు. పిడి తిప్పింది నేను."

డ్వేన్ టీవీ గొంతు తగ్గించాడు. నాకేసి మాత్రం చూడలేదు. "చెబుదామనే అనుకున్నాను. పెద్ద విషయం కాదు కదా" అన్నాడు.

"ఎవరు మూశారని అడిగితే, నేనే మూయించానని అబద్ధం చెప్పాను డ్వేన్. నీ పరువు కోసం. నువ్విచ్చిన గ్లౌజులు వేసుకుని మరీ చెప్పాను."

గ్లౌజులు తీసి అతని కుర్చీ చేతి మీద పెట్టాను. జింక ట్రక్కులోనూ, కాగితం వంటింటి బల్ల మీదా ఉన్నచోటే ఉన్నాయి. ఆ బల్లని దాటుకుని వెనక గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. జాలీ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో బ్రిన్ వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. రేపు గౌను సరిచూడటానికి పిల్లని తీసుకురమ్మన్నాను. కోటు తెచ్చుకోనక్కర్లేదని చెప్పాను.