వద్దనే మనిషి

మా గ్రానైట్ ఫ్యాక్టరీలో నా మాటకు ఎదురు లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఏడవలేక చెబుతున్నాను.

కరీంనగర్ నుంచి కొత్తపల్లి పోయే దారిలో ఉంటుంది మా ఫ్యాక్టరీ. మా ఆయన జలపతిరావు పోయాక దాన్ని నేనే నడిపాను. మొదటి రోజే అందరినీ పిలిచి, "నన్ను దొరసాని అనద్దు. నిర్మలమ్మ అనుండ్రి, సాలు" అన్నాను. అందరూ ఒక్క గొంతుతో "సరే దొరసానీ" అన్నారు.

అప్పుడే నాకు అర్థం కావలసింది. మీటింగులో నేనేం అడిగినా గంగిరెద్దుల్లా తలలూపేవారు. ధర పెంచుదామా అంటే పెంచుదామనేవారు, తగ్గిద్దామా అంటే దానికీ సరే. మా తాతల ముందు వాళ్ళ తాతలు చేతులు కట్టుకుని నిలబడ్డ అలవాటు అది, ఎండీ గది కట్టి ఏసీ పెట్టినంత మాత్రాన పోదు. పొద్దంతా మనుషుల మధ్యనే కూర్చున్నా నాతో నేను మాట్లాడుకుంటున్నట్టే ఉండేది.

మేనేజరు కుమారస్వామి ఒక్కడే వేరు. ఆయనది బెల్లంపల్లి. ఒకప్పుడు కరీంనగర్‌లో అందరూ రాయిని పెద్ద పెద్ద దిమ్మెలుగానే ఓడలకెక్కించి డబ్బు చేసుకుంటుంటే నాకూ ఆశ పుట్టింది. పలకలు కోసి పాలిష్ పట్టే తిప్పలు మనకెందుకు, మిషన్లు అమ్మేసి మనమూ దిమ్మెలే పంపుదాం అన్నాను. తలలన్నీ ఊగాయి.

"వద్దమ్మా" అన్నాడు కుమారస్వామి. "మన దిమ్మె కొనెటోడు రేపు ఇంకో దేశంల కొంటడు. పలక చేసుడు మన చేతిల ఉంటె ఎప్పటికైన బతుకుతం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ముందట గింత ధైర్యమెక్కడిది నీకు?" అన్నాను.

"మా బాపు బొగ్గుబాయిల పనిచేసిండమ్మా. బాయిల పైకప్పు కూలే ముందుగాల చప్పుడు జేస్తది. అది ఎవలికి ఇనపడ్డ గట్టిగ ఒర్రాలె. ఎదురుంగ ఆఫీసరున్నా సరే. ఊకున్నోడు అందరిని సంపుతడని మా ఇంట్ల చెప్తరు."

చాలా రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను గానీ మిషన్లు మాత్రం అమ్మలేదు. తర్వాత దిమ్మెలు కొనే దేశాలు కొనడం తగ్గించాయి. మా దారిలో గేటు తర్వాత గేటుకు తాళం పడింది. మా కోత మిషన్ల మోత ఆగలేదు.

అందుకే, నా తర్వాత ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను వెతుక్కోలేదు. మా మరిది కొడుకు శరత్‌చంద్ర అప్పటికే నా కుర్చీ కొలతలు తీసుకుని ఉన్నాడు. చుట్టాలందరితో మాటలు పడి, కిందటేడు కుమారస్వామిని ఎండీని చేశాను. నేను చైర్మన్‌గా పక్కనే కూర్చున్నాను. కంపెనీ నాలుగు కాలాలు ఉండాలంటే వద్దు అనగలిగిన మనిషి పైన ఉండాలన్నది నా లెక్క.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ కుర్చీలో కూర్చున్న రోజు నుంచి కుమారస్వామి నోట వద్దన్న మాటే రాలేదు. "మీరెట్లంటె గట్లనే అమ్మా" అనడం మొదలుపెట్టాడు. నాకు భయమేసింది. ఒకసారి చూద్దామని మీటింగులో కావాలనే ఒక తలకుమాసిన ఆలోచన బయటపెట్టాను.

"ఆసిఫాబాద్‌ల పెద్ద షోరూం పెడ్దాం. సేల్స్ చూసే శ్రీహరిని ఇన్‌చార్జిగ పంపుదాం" అన్నాను.

ఆ పక్క ఇల్లు కట్టుకునేవాళ్ళు రాయి కోసం మంచిర్యాలకో కరీంనగర్‌కో వస్తారని మా వాచ్‌మన్‌కు కూడా తెలుసు. శ్రీహరి ముఖం వెలిగిపోయింది. నేను కుమారస్వామి వైపు చూశాను. మనసులో బతిమాలుకున్నాను కూడా.

"మంచిగున్నదమ్మా" అన్నాడు.

అందరూ పోయాక ఆయన్ను ఆపాను. "నిజం చెప్పు. షోరూం నడుస్తదా?"

తల వంచుకున్నాడు. "నడవదమ్మా."

"మరి అనవైతివి?"

"అప్పుడు వద్దంటె నా నౌకరి పోతుండె, గంతే. ఇప్పుడట్ల కాదు. మీరు మీ వాళ్ళందరిని కాదని నన్ను కూసోబెట్టిన్రు. పక్కన మీరుంటె, మీ ముందట మీ మాట తీసేసుడు నాతోని కాదమ్మా."

ఇక కోపం రాలేదు, దిగులు మాత్రం వచ్చింది. షోరూం వద్దని నేనే చెప్పేయొచ్చు. కానీ అదీ నా మాటే అవుతుంది, ఆయన మళ్ళీ తలూపుతాడు. ఈ ఫ్యాక్టరీకి ఇప్పుడు చప్పుడు చేస్తున్న పైకప్పును నేనే.

"సోమారం సంది నేను రాను" అన్నాను. "ఇంట్లనే ఉంట. అన్నీ నువ్వే చూసుకో, షోరూం సంగతి సుత."

ఆ ఒక్కదానికైనా వద్దంటాడని ఆశపడ్డాను. అబద్ధమెందుకు, చాలా ఆశపడ్డాను.

"మీ ఇష్టమమ్మా" అన్నాడు.

ఇంట్లో ఉండటం నాకు తెలియదు. పొద్దున్నే తయారై కూర్చునేదాన్ని, ఎక్కడికో తెలియక. వంటకు వచ్చే కనకవ్వ పని ముగించి పోయాక ఇల్లంతా ఫ్రిజ్ చప్పుడే. తెల్లారకముందే మోగే ఫోన్ ఇప్పుడు పాడైందేమోనని ఒకసారి కనకవ్వ ఫోన్ నుంచి దానికి రింగిచ్చి చూశాను. బాగానే ఉంది. కుమారస్వామి షోరూంకు అడ్వాన్స్ కట్టేశాడేమోనన్న గుబులు ఒక పక్క, అడగకూడదన్న పట్టుదల ఒక పక్క. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అడగలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. శ్రీహరి.

"దొరసానీ, ఘోరమైంది. కుమారస్వామి సారు మీటింగుల అందరి ముందట షోరూం వద్దన్నడు. మీరు చెప్పిన మాటనే తీసేసిండు. ఎవలెంత చెప్పినా ఇనలే."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ఫ్యాక్టరీ బతికింది. ఆ వెంటనే ఇంకోటి గుచ్చుకుంది. ఇంత మాట అన్నవాడు నాకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకుండా చేయాలన్నదే నేను కోరింది, అయినా గుచ్చుకుంది.

"మీరు జర ఒక్కసారి వచ్చి పోండ్రి" అన్నాడు శ్రీహరి. "మీరొక్క మాటంటె సాలు, సారు కాదనడు."

నిజమే, కాదనడు. నాకు వెళ్ళాలనిపించింది. షోరూం కోసం కాదు. ఆ రాతి దుమ్ము, ఆ మోత, నన్ను చూడగానే లేచి నిలబడే ఆ మనుషుల కోసం. ఫోన్ చెవిన ఉండగానే చీర మార్చుకుందామని బీరువా దాకా నడిచాను.

అక్కడే ఆగాను. "శ్రీహరీ, ఆయన చెప్పిందే మాట. ఇగ ఫ్యాక్టరీ సంగతులు నాదాక తేవద్దు. అందరికి చెప్పు, నాకెవ్వలు ఫోన్ చెయ్యద్దు."

మా వాళ్ళు నా మాట ఎన్నడు దాటారు గనక. ఆ తర్వాత ఎవ్వరూ చెయ్యలేదు.