తాళం పెట్టెలో ఫోను

మా హెడ్మాస్టారు నారాయణమూర్తి గారి గదిలో ఫోను చెక్కపెట్టెలో ఉండేది. పెట్టెకి తాళం, తాళంచెవి ఆయన జేబులో. బిల్లు ఎక్కువైతే పైవాళ్లకి జవాబు చెప్పుకోవాలని ఆయన భయం. బయటినుంచి ఫోను మోగితే, ఆయన జేబులన్నీ తడుముకుని పెట్టె తెరిచేలోగా ఆగిపోయేది. స్టాఫ్ రూములో మేం నవ్వుకునేవాళ్లం.

రాజోలు దగ్గరి ఆ హైస్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. 2002లో ఎనిమిదో తరగతి వెంకటదుర్గ మా అందరి ప్రాణాలూ తోడేసింది. బెంచీలు తన్నేది, పక్కపిల్లల జడలు లాగేది. గోడ దూకి పారిపోతోందని హెడ్మాస్టారు గోడమీద గాజుపెంకులు పెట్టించి, గేటుకి తాళం వేయించారు. దాంతో మరీ పేట్రేగిపోయింది. ఒకరోజు లెక్కల మాస్టారు ప్రకాశరావు గారి మీదికి డస్టరు విసిరితే ఆయన కళ్లజోడు విరిగింది.

ఇక టీసీ ఇచ్చి పంపేస్తానన్నారు హెడ్మాస్టారు. టీసీ ఇస్తే ఆ పిల్ల చదువు అంతటితో సరి. అమ్మమ్మ మంగాయమ్మ వెంట కొబ్బరిపీచు పనికి పోవడమే.

అడ్డుపడింది డ్రిల్లు మాస్టారు వీరబాబు. అమలాపురంలో ఏదో ట్రైనింగుకి వెళ్లొచ్చాడు. "ఎవరికి వాళ్లం తిట్టి వదిలేస్తే లాభం లేదండి. ఆ పిల్లకి పాఠం చెప్పే అందరం ఒకచోట కూర్చోవాలండి. ఎప్పుడు చేస్తోంది, అంతకుముందు ఏం జరిగింది, అన్నీ చెప్పుకుని అందరం ఒక్కమాట మీదుండాలండి" అన్నాడు.

ట్రైనింగుల్లో భోజనం తప్ప ఏదీ బాగుండదని నా అభిప్రాయం. అయినా టీసీ కంటే నయమని కూర్చున్నాను.

మొదట ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చాం. నా క్లాసులో దుర్గ బుద్ధిగా పద్యాలు అప్పజెబుతుందని అన్నాను. ప్రకాశరావు గారికి చురుక్కుమంది.

"అంటే నాకు పాఠం చెప్పడం రాదనాండి, రాజ్యలక్ష్మి గారూ?"

"నేననలేదండి. మీరే అంటున్నారు."

వీరబాబు మధ్యలో వచ్చాడు. "కళ్లజోడు ఏ రోజు విరిగిందండి?"

"శుక్రవారం. భోజనాల బెల్లుకి ముందు."

గోడ దూకింది ఎప్పుడని అడిగాడు. శుక్రవారాలే. జడలు లాగిందీ శుక్రవారమే. నాకు శుక్రవారం ఆ తరగతి లేదు. అదీ నా గొప్పతనం.

మా ఊళ్లో ఇంటికొకరు పనికోసం కువైట్ వెళ్లినవాళ్లే. శుక్రవారమంటే ఏమిటో చంటిపిల్లలకి కూడా తెలుసు. కువైట్‌లో సెలవు. ఆ మధ్యాహ్నం ఎస్టీడీ బూతు ముందు జనం గుమిగూడడం వారం వారం చూసేదే. కానీ దుర్గ తల్లి రాజమండ్రిలో చెల్లెలి దగ్గరుందని కదా మంగాయమ్మ చెప్పింది. మేమూ నమ్మేశాం.

సాయంత్రం నేనూ వీరబాబూ వాళ్లింటికి వెళ్లాం. దుర్గ తల్లి ఎక్కడుందని అడిగితే, మంగాయమ్మ వీధితలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

"కువైటెళ్లిందండి, ఇళ్లల్లో పనికి. ఆడమనిషి ఒక్కత్తే ఎల్లిందంటే ఊళ్లో నానా మాటలూ అంటారని దాచేనండి. పిల్ల చేత కూడా ఒట్టేయించుకున్నానండి, ఎవరికీ చెప్పొద్దని. శుక్రవారం మద్దినేళ బూతుకి ఫోను చేత్తాదండి. మిగతా రోజులు గడప దాటనివ్వరంటండి."

"దుర్గ మాట్లాడుతుందా?"

"బడుంటాది కదండి. గోడ దూకొచ్చి మాట్లాడేదండి. గేటుకి తాళమేసినకాడ్నుంచీ వాళ్లమ్మ గొంతు ఇన్లేదండి."

తలుపు వెనక దుర్గ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. మా అందరి మీదా ఒళ్లు మండింది కూడా.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. బూతు దగ్గర నలుగురి కళ్లలో పడకుండా దుర్గ స్కూలు ఫోన్లో మాట్లాడాలి. బెంచీ తన్నితే ఎవరూ కేకలేయకూడదు. వీరబాబు గ్రౌండుకి తీసుకెళ్లి కాసేపు పరిగెత్తిస్తాడు. డస్టరు విసిరినందుకు మాత్రం ప్రకాశరావు గారి బోర్డు రోజూ తనే తుడవాలి.

"ఆఫీసు ఫోను సొంత పనులకాండి?" అన్నారు హెడ్మాస్టారు.

"వచ్చే ఫోనుకి బిల్లు పడదండి" అన్నారు ప్రకాశరావు గారు, దారంతో కట్టుకున్న కళ్లజోడు సర్దుకుంటూ. ఆ మాట ఆయన నోటినుంచి వస్తుందని నేననుకోలేదు. హెడ్మాస్టారు జేబులో తాళంచెవి తడుముకుంటూ లేచి వెళ్లిపోయారు.

శుక్రవారం వచ్చింది. బూతుకి ఫోను రాగానే మంగాయమ్మ కూతురికి స్కూలు నంబరు చెప్పేలా ఏర్పాటు. నేను క్లాసు గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి దుర్గ కాళ్లు అప్పటికే బెంచీని తన్నుతున్నాయి. ప్రకాశరావు గారు లెక్క ఆపి, "టైమైంది, వెళ్లమ్మా" అన్నారు.

నేను దాన్ని తీసుకుని హెడ్మాస్టారి గదికి బయల్దేరాను. వరండాలో ఉండగానే ఫోను మోగింది. ఆయన జేబులు తడుముకునేలోగా ఆగిపోతుంది. ఇవాళ ఆగిపోతే ఈ పిల్ల మమ్మల్ని ఇంకెప్పుడూ నమ్మదు. ఇద్దరం పరిగెత్తాం.

పెట్టె మూత తీసే ఉంది. తాళం బల్లమీదుంది. హెడ్మాస్టారు రిసీవరు చెవికి పెట్టుకుని నిలబడ్డారు.

అవతల తల్లి గొంతు నాకు కూడా వినిపిస్తోంది. "మా పిల్ల ఏం తప్పు చేసిందండి? టీసీ ఇచ్చేత్తన్నారాండి?"

ఆయన దుర్గ వైపు చూశారు. అది పిడికిళ్లు బిగించి ఆయన మొహంలోకే చూస్తోంది.

"లేదమ్మా. మీతో మాట్లాడదామని వచ్చింది. ఇకనుంచి ప్రతి శుక్రవారం ఇక్కడికే చెయ్యండి" అని రిసీవరు దాని చేతికిచ్చి, ఆయన వరండాలోకి వచ్చేశారు. జేబులోంచి గేటు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

లోపలినుంచి దుర్గ గొంతు, నేనెప్పుడూ విననంత మెల్లగా వినిపించింది.

"ఆయ్, నేనేనమ్మా. అన్నం తిన్నావా?"