కాగితం వెనకవైపు

"ఇది కాస్త చూసిపెట్టు, సాయంత్రం లోపల పంపాలి," అంటూ భర్త స్టవ్ పక్కన కాగితం పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చూడలేదు.

తుడుచుకుని చదివింది. అడవి మీద కవిత. ఆయనకి అడవికవి అని పేరు. వేసిన పుస్తకాలు ఏడు, ఏడింటికీ శుభ్రప్రతి రాసిపెట్టింది ఆమే. మూడో చరణంలో వసంతం అడుగుపెట్టగానే కొండ మీది ఎర్రపూల చెట్టు మంటలా విరగబూసింది.

"ఏమండీ, ఆ చెట్టు ఇప్పుడు వసంతంలో పూయడం లేదు. చలి పోకముందే పూసేస్తోంది. వసంతం వచ్చేసరికి ఒట్టి కొమ్మలే."

"కవిత్వమంటే వాతావరణ వార్తలు కాదు," అని ముందుగదిలోంచి జవాబొచ్చింది. "నువ్వు అక్షరదోషాలు చూడు, చాలు."

"వాడు రాస్తాడు, నువ్వు దిద్దు. ఎవరి పని వాళ్ళది," అని అత్తగారు ఓ మాట అందించింది.

ఎవరి పని వాళ్ళదే. ఆమె పని మొక్కల పరిశోధన కార్యాలయంలో బొమ్మలు గీయడం. పందొమ్మిదేళ్ళుగా నెలకోసారి కొండెక్కుతుంది. ఆఫీసుకి విత్తనాలు ఏరి ఇచ్చే ముసలావిడ దారి చూపిస్తుంది, అందరూ ఆవిడని గింజలమ్మ అంటారు. చెట్ల ముందే కూర్చుని ఆకు, మొగ్గ, పువ్వు, కాయ, ఉన్నదున్నట్టు గీసి, కింద తేదీ వేస్తుంది. కాగితం వెనక్కి తిప్పి, ఆ రోజు కంటబడింది రెండు ముక్కల్లో రాసుకుంటుంది. అది కవిత్వమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కవిత్వం ముందుగదిలో ఉంటుంది, దానికి టీ కావాలి, నిశ్శబ్దం కావాలి. ఆయన ఇన్నేళ్ళలో కొండకి వెళ్ళింది ఒక్కసారి, అదీ కారులో. జలుబు పట్టుకుని తిరిగొచ్చి, ఆవిరి పట్టుకుంటూ పుస్తకం మొత్తం రాసేశాడు. ఆమె గీసిన బొమ్మలు ఆఫీసు నివేదికల్లో అచ్చవుతాయి. వాటి కింద 'చిత్రాలు: సిబ్బంది' అని ఉంటుంది. శుభ్రప్రతికి ఆ మాత్రం కూడా ఉండదు.

అలా ఉండగా కళామందిరం వాళ్ళు 'అడవి, మారిన కాలం' అని ఒక సభ పెట్టారు. ఆయనే ముఖ్య కవి. వేదిక వెనక తెర మీద అడవి బొమ్మ మా ఆవిడ వేస్తుందని ఆయనే మాటిచ్చి వచ్చాడు, ఆమెని అడగకుండానే.

"పచ్చగా, నిండుగా ఉండాలి. ఎండుకొమ్మలూ అవీ పెట్టకు, చూసేవాళ్ళకి దిగులు," అన్నాడు.

నమూనాలు చూడటానికి కళామందిరం నిర్వాహకురాలు ఆఫీసుకొచ్చింది. జుట్టు కత్తిరించుకుని, నడిస్తే పరిగెత్తినట్టుండే మనిషి. ఆవిడ సొరుగు లాగిన విసురుకి ఒక కాగితం జారి బోర్లాపడింది. తీయబోయి వంగినావిడ వంగినట్టే చదివింది.

*ఈ ఏడు పువ్వు తొందరపడింది. తేనెటీగ వచ్చేసరికి తలుపు మూసి ఉంది.*

ఆవిడ నేల మీదే చతికిలబడి ఇంకోటి తీసింది.

*వాగు దాటేటప్పుడు చెప్పులు విప్పలేదు. తడవడానికి నీళ్ళేవి?*

ఇంకోటి.

*జుట్టుకి పట్టిన పొగ వాసన మూడు తలస్నానాలకీ పోలేదు. తగలబడిన వైపు గింజలమ్మ ఇప్పటికీ చూడదు.*

"ఇవెవరు రాశారు?"

"నేనేనండి. ఊరికే, గుర్తుండటం కోసం."

"ఎవరు రాసినా అందుకే కదమ్మా రాసేది!"

తెర సంగతి వదిలేసి, ఈ కాగితాలే సభలో పెడతానంది ఆవిడ. లోపల్నుంచి పై అధికారి వచ్చాడు. "అవి ఆఫీసు ఆస్తి. ఈవిడ పేరుతో బయట పెట్టడానికి వీల్లేదు."

పందొమ్మిదేళ్ళుగా ఆయన ఏమన్నా ఆమె 'సరేనండి' అనేది. ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఎందుకో వెనక్కి తిరిగింది.

"బొమ్మ ఆఫీసుదేనండి, ఒప్పుకుంటాను. జీతం తీసుకుని గీశాను. వెనక రాసినదానికి మాత్రం మీరు జీతం ఇవ్వలేదు. వెనకవైపు నాది."

అధికారి బుర్ర గోక్కున్నాడు. "మీ వెనకవైపు మీరు వేలాడదీసుకోండి, నాకేం," అని లోపలికి వెళ్ళిపోయాడు. వేలాడదీసిన కాగితానికి రెండు వైపులుంటాయని ఆయనకి తట్టలేదు. ఆమె బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

ఇంట్లో నవ్వులు లేవు. "మరి నా తెర?" అన్నాడు భర్త.

"వెయ్యనండి. మీరు చెప్పే ఆ అడవి ఎక్కడుందో నాకు తెలీదు."

"నలుగురిలో నన్ను చిన్నబుచ్చుతావా?"

"మీ కవిత మీరు చదవండి. నేనేమైనా అడ్డమా?"

ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీలేదే అనుకుందామె.

సభ రోజు మధ్యాహ్నం హాలు నడిమధ్య తాళ్ళు కట్టి కాగితాలు వేలాడదీశారు. ఒకవైపు పువ్వు, ఇంకోవైపు మాట. ఎర్రపూల చెట్టువి ఏడాదికొకటి చొప్పున పందొమ్మిదీ ఒకే వరసలో. ఏటికేడు తేదీ కాస్త కాస్తగా చలికాలంలోకి జరిగిపోవడం ఎవరూ చెప్పకుండానే కనిపిస్తోంది. జనం, వాళ్ళతో పాటు అత్తగారూ, వాటి మధ్య నడుస్తూ, ఆగుతూ, ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు.

గింజలమ్మకి చదువు రాదు. ఎవరో అమ్మాయి పొగ వాసన మాటలు ఆవిడకి చదివి వినిపించింది.

"అవును, చూడను!" అంది గింజలమ్మ, హాలంతా ఉలిక్కిపడేలా. "అటువైపు నేను నాటినవి రెండొందల మొక్కలు. ఎలా చూడమంటారు?"

హాలు హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడే మైకు ముందు నిలబడ్డ అడవికవి ఆ నిశ్శబ్దంలోనే కవిత మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండు చరణాలు చదివాడు. మూడోదానికి తలెత్తాడు, ఎదురుగా ఎర్రపూల వరస. ఆ చరణం వదిలేసి నాలుగోది చదివి దిగిపోయాడు. ఎన్నేళ్ళుగానో దిద్దుతున్న ఆమెకి మొదటిసారి ఆయన తనని తాను దిద్దుకోవడం కనిపించింది.

తర్వాత ఆమెని పిలిచారు. మైకు అందేలా ఎవరో కిందికి వంచారు.

"నేను అడవి గురించి రాయలేదండి. వెళ్ళినప్పుడల్లా ఏం తగ్గిందో రాశాను," అంది.

చప్పట్లు వెనక వరసల్లోంచి మొదలయ్యాయి. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. మొదట లేచింది గింజలమ్మ.

మర్నాడు నిర్వాహకురాలు ఇంటికొచ్చింది. ఈ కాగితాలని అయిదు ఊళ్ళకి తీసుకెళ్తారట, మూడు నెలలు. రాసిన మనిషి వెంట ఉండాలి. ఆఫీసు సెలవు తను మాట్లాడి ఇప్పిస్తుందట.

అత్తగారు నోరు తెరవబోతుంటే, ఇక వంట సంగతే అనుకుందామె.

"వీడి కవితలు ముప్పయ్యేళ్ళుగా వింటున్నానే," అంది అత్తగారు. "ఒక్కసారీ నాకు అడవి వాసన తగల్లేదు. నిన్న తగిలింది. వెళ్ళిరా."

భర్త తల్లివైపు చూశాడు, భార్యవైపు చూశాడు. "మూడు నెలలంటే... మరి ఇల్లు?"

ఆమె నిర్వాహకురాలికి 'వస్తాను' అని తలూపి ఆయనవైపు తిరిగింది.

"ఇల్లెక్కడికీ పోదండీ. అడవే పోతోంది."