రేవులో కుదిరిన పెనం

నేను ఒక ఇనుప పెనాన్ని. పెనమని అంటారు గాని, మధ్యలో గుంట దిగి ఉంటాను. మూకుడు కావాలని బయలుదేరి దారిలో మనసు మార్చుకున్నట్టు. నన్ను పోత పోసిన రోజున అచ్చులోకి ఇనుము ఎక్కువ జారి, మామూలు పెనాలకు రెండింతలు మందంగా తయారయ్యాను. పోత పోసినవాళ్లు పక్కన పడేద్దామనుకున్నారు. సామాన్ల కొట్టు షావుకారు మాత్రం, "పారెయ్యకండి. బరువు చూసి మురిసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు" అని పట్టుకుపోయాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

ఆ మురిసేవాడు నూకరాజు. రావులపాలెం బస్టాండు బయట అతనికి అట్ల బండి ఉంది. అక్కడ బస్సు ఆగేది టీ చల్లారేంత సేపు. ఆ కాస్తలోనే అట్టు పోసి, తిప్పి, పొట్లం కట్టి, బస్సు కిటికీలోకి అందించాలి. బరువుంటే మన్నిక ఉంటుందని నన్ను కొన్నాడు. మన్నిక మాట నిజమే. తన బేరానికి కావలసింది మన్నికా, వేగమా అని మాత్రం కొనేటప్పుడు ఆలోచించలేదు.

నేను వేడెక్కేలోపు బస్సులు వెళ్లిపోయేవి. వేడెక్కాక నీళ్లు చల్లినా చల్లారను. పిండి గుంటలోకి జారి నడుమ ముద్ద, అంచున మాడు.

"ఏంటి నూకరాజుగారూ, అట్టు పోశారా, నారు పోశారా? కోతలకొచ్చి తీసుకెళ్లమంటారా?" అని ఒక కండక్టరు అడిగాడు. బస్సంతా నవ్వింది.

ఆ బండి దగ్గర పొట్లాలు కట్టేది సత్యవేణి, నూకరాజు తమ్ముడి భార్య. అంతకుముందు ఆమెది రొయ్యల షెడ్డులో పని. ఐసులో నానే రొయ్యల్ని గబగబా వలవాలి. ఈమె ఒక్కోదాన్నీ పసిబిడ్డకు చొక్కా విప్పినంత జాగ్రత్తగా వలిచేది. వేళ్లు పగిలాయి గాని వేగం రాలేదు. మేస్త్రి తిట్లకు ఓర్చుకోలేక ఇక్కడికి వచ్చింది. ఇక్కడా అదే వరస. చట్నీ ఒలకకుండా మూలలు మడిచి, దారం బిగించి తలెత్తేసరికి బస్సు కదిలిపోయేది.

ఒక పొద్దున పొట్లాలు అందకుండానే వరసగా రెండు బస్సులు వెళ్లిపోయాయి. నూకరాజు అట్లకాడ కింద పెట్టాడు.

"అమ్మా సత్యవేణీ, నిన్నూ ఈ పెనాన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నారమ్మా. మీ ఇద్దరితో నేను ఏగలేను."

"అయితే పెనం నాకిచ్చెయ్యండి బావగారూ."

"ఏం చేసుకుంటావ్? మొహం చూసుకుంటావా?"

"దిబ్బరొట్టె కాలుత్తానండి. రేవులో."

"రేవులోనా?"

"ఆయ్. అక్కడెవరికీ తొందరుండదు కదండీ."

సరుకు గుణం చూసి సంతను వెతికిన మాట నేను వినడం అదే మొదలు. నూకరాజు నవ్వాడు, కానీ ఇచ్చాడు.

సత్యవేణి వాళ్ల ఊరి రేవులో పంటు తిరుగుతుంది. పంటంటే మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ గోదావరి పాయ దాటించే పెద్ద పడవ. అది అవతల ఉంటే, వచ్చేదాకా జనం ఇసుకలో గీతలు గీసుకుంటూ కూర్చోవలసిందే. అయితే రొయ్యల షెడ్డు వాన్ కూడా కూలీల్ని ఎక్కించుకోవడానికి పొద్దున్నే ఆ రేవుకే వస్తుంది. రొట్టె సాగకపోతే సత్యవేణికి మళ్లీ ఆ వానే దిక్కు.

మొదటి రోజు ఆమె కొబ్బరిచిప్పల బొగ్గుల మీద నన్ను పెట్టి, నూనె పోసి, మినప్పిండి దళసరిగా పరిచి మూత వేసింది. దిబ్బరొట్టెకు సన్నని సెగ కావాలి, మూత తీసి తొంగిచూడని మనిషి కావాలి. ఇంకా మొదటి వైపే కాలలేదు, వాన్ వచ్చేసింది. మేస్త్రి గంగాధరం తల బయటపెట్టాడు.

"ఏం సత్తేణీ, పొగే గాని బేరం కనపడదే? ఎక్కు. ఇయ్యాల ఎక్కకపోతే నీ చోటు ఇంకోళ్లకిచ్చేత్తాను."

సత్యవేణి లేచి నిలబడింది. అప్పటికి ఒక్కరూ కొనలేదు. వాన్ వంక చూసింది, నా మీది మూత వంక చూసింది.

"రొట్టె కాలాక వత్తానండి."

"ఎంతసేపూ?"

"అది దాని ఇట్టమండి."

వాన్ వెళ్లిపోయింది. ఆమె మళ్లీ కూర్చుని బొగ్గులు సర్దింది. నాకు తెలిసిన విద్య ఒకటే, వేడిని పట్టి ఉంచడం. దాన్ని ఆ పూట మనసు పెట్టి చేశాను.

అంతలో పంటు వచ్చింది. జనం లేచి ఎక్కేశారు. ఆమె మూత తీసి రొట్టె తిరగేసింది. ఎర్రటి చెక్కు మీంచి లేచిన వాసన పంటు మీదికి పోయింది. సరంగు దావీదు చుక్కాని వదిలి గట్టుకు దిగాడు.

"ఏంటమ్మా అది?"

"దిబ్బరొట్టెండి. రెండో వైపు కాలాలి."

"కాలనీ. గోదారి ఎక్కడికీ పోదు."

"నా చేపలు పాడైపోతాయి దావీదూ," అంది గంపతో కూర్చున్న చేపలావిడ.

"అవి నిన్నే పాడైపోయాయి గదే అప్పా. కూకో."

రొట్టె దిగింది. సత్యవేణి తొందరపడకుండా ముక్కలు కోసి, ఆకుల్లో పెట్టి, బెల్లం పాకం అంచుల దాకా పోసింది. పైన కరకర, లోపల దూది. రెండో ముక్కకు ముందు చెయ్యి చాపింది చేపలావిడే.

ఇది జరిగాక మూడు వరదలు వచ్చి వెళ్లాయి. నన్ను ఇప్పటికీ అట్టు పొయ్యమంటే పోయలేను. నా మందం తగ్గలేదు, నా గుంట పూడలేదు, మారింది చోటొక్కటే. సత్యవేణి నిదానమూ మారలేదు. ఇప్పుడు దాన్ని పనితనం అంటున్నారు. మనుషులు పేర్లు మార్చినంత సులువుగా గుణాలు మార్చలేరు, అదీ మంచిదే. రేవు జనం పంటు వేళ చూసుకోవడం మానేసి, నా మూత లేచే వేళకు వస్తున్నారు.

పొద్దున్నే మొదటి రొట్టె మీద మూత వేశాక మాకిద్దరికీ పని ఉండదు. మంచు కమ్మిన గోదావరిని చూస్తూ, ఐసుకు పగిలిన మచ్చలున్న వేళ్లను ఆమె నా అంచు పక్కన చాపి కాచుకుంటుంది.